రెండొందల పద్నాలుగు పెండింగ్ లెక్కలు

లక్ష్ముంనాయుడు మాస్టారు నీలంవలస జిల్లా పరిషత్ హైస్కూల్లో పదహారేళ్ళుగా సైన్సు చెబుతున్నారు. ఈ పదహారేళ్ళలో ఆయన ఒక్క లెక్క కూడా తేల్చలేదన్న సంగతి మొన్న సెప్టెంబరు మూడో బుధవారం నాడు బయటపడింది.

బయటపెట్టినవారు జ్ఞానప్రకాశం గారు. వారి హోదా పెండింగ్ నిర్మూలన ప్రత్యేకాధికారి. ఏవో ఆఫీసుల్లో ఇరవై ఏళ్ళుగా పేరుకుపోయిన ఫైళ్ళను నలభై రోజుల్లో లేకుండా చేశారని వారికి పెద్ద పేరు. ఎలా లేకుండా చేశారని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఫైళ్ళున్న ఆఫీసులన్నీ అయిపోయాక, అంతటి మనిషిని ఖాళీగా కూర్చోబెట్టడం ఇష్టం లేక పైవాళ్ళు బడుల మీదికి పంపారు.

వారు వస్తూనే హెడ్‌మిస్ట్రెస్ వరహాలమ్మ గారి కుర్చీలో కూర్చున్నారు. కొబ్బరిబొండం తాగారు. టేబుల్ మీదున్న పదో తరగతి సైన్సు పుస్తకం తీసి, పాఠం చివర "కింది సమస్యలను సాధించండి" అన్నచోట వేలు పెట్టి ఆగిపోయారు.

"ఇవేమిటి?"

"పాఠం చివర లెక్కలండి," అన్నారు లక్ష్ముంనాయుడు మాస్టారు.

"లెక్కలని తెలుస్తోంది. ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయి?"

"ఈ పుస్తకం వచ్చిన కాడ్నించీ ఉన్నాయండి. ఏడెనిమిదేళ్ళవుతాది."

జ్ఞానప్రకాశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎనిమిదేళ్ళుగా ఇన్ని సమస్యలు మీ దగ్గర పెండింగ్‌లో ఉంటే, మీకు అన్నం ఎలా సయిస్తోంది మాస్టారూ?"

సరదాకి అంటున్నారనుకుని మాస్టారు నవ్వారు. ఆ నవ్వు తరవాత ఆయనకొచ్చిన మెమోలో రెండో పేరా అయింది.

"అదేటండీ, ఏటా చేయిస్తానే ఉన్నాను కదా. పిల్లలందరూ చేస్తారు. ఒక్కో లెక్కా మూడేసి సార్లు చేస్తారు."

"చేసేస్తే ఇంకా పుస్తకంలో ఎందుకున్నాయి?"

దీనికి సమాధానం బీఎస్సీలో గానీ, బీఈడీలో గానీ మాస్టారికి ఎవరూ చెప్పలేదు. ఆయన వరహాలమ్మ గారి వైపు చూశారు. ఆవిడకి రిటైర్మెంటు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆవిడ కిటికీలోంచి జీడితోటల్ని చూస్తూ కూర్చున్నారు.

వారం తిరక్కుండా సర్క్యులర్ దిగింది. "పాఠ్యపుస్తకములయందు సంవత్సరముల తరబడి అపరిష్కృతముగా పడియున్న సమస్యలన్నింటినీ డిసెంబరు ముప్పది యొకటవ తేదీలోగా పరిష్కరించి, శూన్య పెండింగ్ స్థితిని సాధించవలెను. ప్రతి సమస్యకు ఒక ఫైలు, ఒక నంబరు, ఒక ముగింపు ముద్ర ఉండవలెను. ఒకసారి ముగిసిన సమస్యను మరల పరిష్కరించుట ద్వంద్వ పరిష్కారముగా పరిగణింపబడి, బాధ్యులపై తగు చర్య గైకొనబడును."

తొమ్మిది, పది తరగతుల పుస్తకాల్లో చలనం నుంచి పర్యావరణం దాకా మొత్తం రెండొందల పద్నాలుగు లెక్కలు తేలాయి. పదో తరగతిలో పిల్లలు ముప్పై ఎనిమిది మంది. ఒక లెక్క ఒక్కరే చెయ్యాలి. అటెండరు సింహాచలం హాజరుపట్టీ పట్టుకుని, వరసలో తలా ఐదూ ఆరూ పంచేశాడు. మొదటి ఇరవై నలుగురికి ఆరేసి, తక్కినవాళ్ళకి ఐదేసి. కంట్రోలు బియ్యం పంచినప్పుడు కూడా అంత నిక్కచ్చిగా పంచలేదని ఊళ్ళో చెప్పుకున్నారు.

నూకరత్నం నంబరు ముప్పై ఒకటి. ఆ పిల్లకి ఐదు వచ్చాయి. అందులో మూడు, ఫలానాదానికి ప్రమాణమేమిటి అని ఒక్క ముక్కలో తేలిపోయేవి. నాలుగోది బొమ్మ గీసి భాగాలు గుర్తించమనేది. ఐదోదానికి సమాధానం "అవును".

నూకరత్నం తల్లి జీడిపిక్కల బట్టీలో పిక్కలు ఒలుస్తుంది. పిక్కలోని జీడి రసం తగిలి ఆవిడ వేళ్ళు ఎప్పుడూ నల్లగా, పొరలు ఊడుతూ ఉంటాయి. ఆ వేళ్ళు చూసి చూసి ఈ పిల్ల పాలిటెక్నిక్‌లో చేరాలని పట్టుపట్టి కూర్చుంది. దానికి పరీక్ష ఉంది. ఆ పరీక్షలో రాళ్ళు పడతాయి, రైళ్ళు ఆగుతాయి, బల్బులు వెలుగుతాయి. అవన్నీ ఇక్కడ వేరేవాళ్ళ వంతుకి వెళ్ళిపోయాయి.

"మాస్టారండీ," అంది ఆ పిల్ల, "రాయి లెక్క పదకొండో నంబరు గుంటడికి ఒచ్చింది. ఆడికది అక్కర్నేదంట. నాకు మార్చీరా?"

"మార్చడానికి నేదమ్మా. ఫైలు ఓపెనైపోయింది," అన్నారు మాస్టారు. అంటున్నప్పుడే ఆయనకి తన నోటి మీద తనకే అసహ్యం వేసింది.

లెక్కలు ఒకటొకటిగా పైకి వెళ్ళడం మొదలుపెట్టాయి. పసుపు అట్ట, ఎర్ర నాడా, లోపల పిల్లాడి లెక్క. వెళ్ళినవి వెళ్ళినట్టే సందేహాలతో తిరిగొచ్చాయి.

మొదట తిరిగొచ్చింది రాయి. "ఇరవై మీటర్ల ఎత్తైన టవరు నుండి ఒక రాయిని జారవిడిచిరి. అది ఎంత సేపటికి నేలను చేరును? గాలి నిరోధమును విస్మరింపుము." పిల్లాడు రెండు సెకన్లని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. జ్ఞానప్రకాశం గారు పక్కన రాసిన సందేహాలు ఇవి: టవరు ఎవరిది? జారవిడిచిన వ్యక్తి మీద ఏం చర్య తీసుకున్నారు? కింద ఎవరైనా ఉన్నారా? గాలి నిరోధాన్ని విస్మరించడానికి అనుమతించిన అధికారి పేరేమి?

"పుస్తకంలో అలాగే ఉందండి," అని మాస్టారు ఫోనులో మొర పెట్టుకున్నారు.

"పుస్తకంలో ఎవరో విస్మరించమన్నారని మీరు విస్మరించేస్తారా? రేపు గాలి వచ్చి అడిగితే ఏం చెబుతారు?"

గాలి వచ్చి అడగదని చెప్పబోయి మాస్టారు ఊరుకున్నారు. వాదిస్తే రాయి ఇంకో నెల గాలిలోనే ఉండిపోతుంది. చివరికి "ఆ రోజు గాలి లేదు" అని గ్రామ పంచాయతీ చేత ఒక ధ్రువపత్రం రాయించి జతపరిస్తే, రాయి నేల మీద పడింది.

వంద వాట్ల బల్బు రోజుకి ఐదు గంటల చొప్పున నెలంతా వెలిగితే ఎన్ని యూనిట్లు కాలుతుందన్న లెక్క కరెంటాఫీసుకి వెళ్ళింది. సర్వీసు నంబరు రాయలేదు గనక అది దొంగ కనెక్షన్ అయ్యుంటుందని వాళ్ళు బడికి మనిషిని పంపారు. ఆ మనిషి తరగతులన్నీ తిరిగి, వంద వాట్ల బల్బు ఎక్కడా లేదని, నిజానికి ఏ బల్బూ లేదని రాసి వెళ్ళాడు. సమస్య ముగిసింది.

అన్నిటికన్నా ఏడిపించింది అద్దం లెక్క. పుటాకార దర్పణం ముందు వస్తువు అనంత దూరంలో ఉంటే ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుంది?

"అనంత దూరం ఏ మండలం పరిధిలోకి వస్తుంది?" అని జ్ఞానప్రకాశం గారు అడిగారు.

ఫైలు రెవెన్యూ వాళ్ళకి వెళ్ళింది. సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చి బడి చుట్టూ, చేల గట్ల వెంట, సముద్రం కనిపించే దిబ్బదాకా వెళ్ళి చూసి, వారం తరవాత నివేదిక పంపాడు. "దరఖాస్తులో పేర్కొన్న అనంత దూరము ఈ గ్రామ సరిహద్దులకు వెలుపల ఉన్నది. కావున ఈ కార్యాలయమునకు సంబంధము లేదు." జ్ఞానప్రకాశం గారు చాలా సంతోషించారు. అద్దం ముగిసింది. ఇంతకీ ప్రతిబింబం ఎక్కడ ఏర్పడిందో ఎవరూ అడగలేదు.

అప్పటికి నవంబరు వచ్చేసింది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. మాస్టారికి లోపల పీకుడు మొదలైంది. ఒక సాయంత్రం ఇంట్లో పకోడీలు నములుతుండగా ఆయనకో ఉపాయం తట్టింది. ఇరవై మీటర్ల రాయి ముగిసిపోయింది, సరే. నలభై ఐదు మీటర్ల రాయి ఎక్కడా నమోదు కాలేదు కదా!

మర్నాడు బోర్డు మీద నలభై ఐదు మీటర్ల రాయి వేశారు. పిల్లలు ఆవురావురుమని చేశారు. నూకరత్నం అందరికన్నా ముందు "మూడు సెకన్లండి!" అని అరిచింది. ఆనందం పట్టలేక మాస్టారు ఎనభై మీటర్లది కూడా వేశారు. ఆ వారంలో ఆయన అరవై రెండు కొత్త లెక్కలు కట్టారు.

పిల్లల నోటుపుస్తకాలు ప్రతి శనివారం తనిఖీ అవుతున్నాయన్న మాట ఆయన ఆనందంలో మర్చిపోయారు. సోమవారానికి షోకాజ్ నోటీసు వచ్చింది. "జిల్లా యావత్తు సమస్యల సంఖ్యను తగ్గించుటకు అహర్నిశలు శ్రమించుచుండగా, మీరు ఒక్క వారములో అరువది రెండు నూతన సమస్యలను ఉత్పత్తి చేసి, పెండింగును పెంచియున్నారు. మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

వరహాలమ్మ గారు తలుపు దగ్గరగా వేసి ఆయన్ని కూర్చోబెట్టారు. "నాయుడుగారూ, మీకు దండం పెడతాను. పిల్లలకి లెక్కలు నేర్పకండి. ఉద్యోగం పోతాది."

"మరి నేర్పకపోతే పిల్లల గతేటండి మేడం?"

"మీరు సస్పెండైపోతే నేర్పేవోళ్ళు కూడా ఉండరు. అప్పుడేటి గతి?"

అడకత్తెరలో పోకచెక్క అంటారే, మాస్టారి బతుకు అచ్చంగా అదైపోయింది. అరవై రెండు లెక్కల్నీ ఉపసంహరించుకుంటున్నట్టు రాసిచ్చి, క్లాసులో చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏ లెక్కా చెప్పకూడదు గనక న్యూటన్ గారి బాల్యం గురించి మూడు వారాలు చెప్పారు.

డిసెంబరు మొదటికి రెండొందల పదమూడు ముగిశాయి. ఒక్కటి మొండికేసింది. అది పర్యావరణం పాఠంలోది. "ఒక వరిపొలంలో ఎలుకలు, పాములు, గద్దలు కలవు. పాములన్నిటినీ తొలగించినచో ఎలుకల సంఖ్య ఏమగును?" పెరుగుతుందని పిల్లవాడు రాశాడు.

జ్ఞానప్రకాశం గారు స్వయంగా వచ్చారు. "పెరుగుతుందని మీకెలా తెలుసు?"

"పాములు ఎలకల్ని తింటాయి కదండి. తినేవి నేకపోతే పెరక్క ఏటవుతాయి?" అన్నారు మాస్టారు.

"అంటే ఊహ. ఊహ మీద ఫైలు ముగించమంటారా? రుజువు కావాలి. బడి వెనక పొలం ఉందా? ఉంది. పాములున్నాయా?"

ఉన్నాయి. బడి వెనక చేలగట్లలో జెర్రిపోతులు తాతలనాటి నుంచీ ఉన్నాయి. పక్క ఊరి నుంచి పాములు పట్టే పోలయ్యని పిలిపించారు. కావలసిన అనుమతులన్నీ రెండు రోజుల్లో తెప్పించారు. బడి పాకకి అనుమతి కోసం నాలుగేళ్ళుగా తిరుగుతున్న వరహాలమ్మ గారు ఆ వేగం చూసి ముక్కున వేలేసుకున్నారు.

పోలయ్య నాలుగు రోజుల్లో పదిహేడు పాముల్ని పట్టి గోనెసంచుల్లో కట్టాడు. పట్టిన తరవాత కూడా వాడికి మనసొప్పలేదు. "బాబూ, ఈటికి విసం నేదు. ఎలకల్ని తిని బతికే జీవాలు. ఈటినేటి సేసాయని పంపించెత్తన్నారు?"

"ఇది శాస్త్ర పరిశోధన," అన్నారు జ్ఞానప్రకాశం గారు.

"మాకు తెల్సిందానికి పరిశోదనెందుకు బాబూ? మా తాత్నడిగినా సెప్పును."

"మీ తాతగారు ఏ హోదాలో పనిచేశారు?"

పోలయ్య సంచులు భుజాన వేసుకుని, ముప్పై కిలోమీటర్ల అవతల అడవిలో వదిలేసి వచ్చాడు. ఆ మర్నాటి నుంచి ఏడు రోజులు పరిశీలన. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు, భోజన విరామం మినహాయించి, సింహాచలం గట్టు మీద కుర్చీ వేసుకుని ఎలుకల్ని లెక్కపెట్టాడు. మొదటి రోజు సున్నా. ఏడో రోజు సున్నా. పట్టపగలు మనిషి కుర్చీ వేసుకుని కూర్చుంటే ఏ ఎలుక వస్తుంది?

"చూశారా!" అన్నారు జ్ఞానప్రకాశం గారు. ఆకుపచ్చ సిరాతో ఫైలు మీద రాశారు. "పాములను తొలగించినను ఎలుకల సంఖ్య పెరగదని క్షేత్రస్థాయిలో రుజువైనది. సమస్య ముగిసినది." సంతకం చేసి, ముద్ర కొట్టారు.

మాస్టారు తెగించి నోరు తెరిచారు. "అయ్యా, అది తప్పండి. పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేస్తారండి పిల్లలకి."

"సంతకం అయ్యాక తప్పేమిటి మాస్టారూ?"

డిసెంబరు ముప్పై ఒకటిన నీలంవలస హైస్కూలు శూన్య పెండింగ్ స్థితిని సాధించింది. రాష్ట్రంలో మొదటిదట. గేటుకి బ్యానరు కట్టారు. జ్ఞానప్రకాశం గారికి శాలువా కప్పారు. పసుపు అట్టల ఫైళ్ళన్నిటికీ మైదా లై దట్టంగా పట్టించి లేబుళ్ళు అంటించి, మధ్యాహ్నం భోజనం తాలూకు చిక్కీల పెట్టెలుండే స్టోరు రూములో వరసగా పేర్చి, తాళం వేశారు. తాళంచెవి లక్ష్ముంనాయుడు మాస్టారికిచ్చి, సంరక్షకుడని సంతకం పెట్టించుకున్నారు.

సభ అయ్యాక నూకరత్నం పాత ప్రశ్నపత్రం ఒకటి పట్టుకుని వచ్చింది. "మాస్టారండీ, ఇందులో పదిహేను లెక్కలున్నాయి. నాకు ఒక్కటీ రాదండి. నానేటి రాయాలండి?"

మాస్టారు ఆ కాగితం అందుకుని చూశారు. ప్రతి లెక్కా ఆయనకి తెలుసు. ప్రతి లెక్కా ముగిసింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసేసరికి ఆయనకి, శాలువా కప్పించుకున్న ఆ పెద్దమనిషిని ఆ శాలువాతోనే కట్టి, ఇరవై మీటర్ల టవరు మీద నుంచి గాలి నిరోధాన్ని విస్మరించి జారవిడవాలనిపించింది. ఆయన మెత్తని మనిషి కాబట్టి "చూద్దాంలేమ్మా" అని మాత్రం అన్నారు.

ఎలుకలకి సర్క్యులర్లు అందవు. జనవరిలో కోతలై, కుప్పలు నూర్చి, ధాన్యం ఇళ్ళకి చేరింది. గట్లలో అడ్డూ ఆపూ లేకుండా పిల్లల్ని పెట్టిన ఎలుకలన్నీ తిండి వెతుక్కుంటూ బయల్దేరాయి. దగ్గరలో ఉన్నది బడి. బడిలో ఉన్నది స్టోరు రూము. అందులో ఒక పక్క బెల్లం చిక్కీలు, ఇంకో పక్క మైదా పట్టించిన రెండొందల పద్నాలుగు అట్టలు.

ఫిబ్రవరి ఇరవయ్యో తేదీన సింహాచలం చిక్కీల కోసం తలుపు తీసి, పెద్ద కేక పెట్టాడు. "ఓలమ్మో! సార్! కొంప ములిగిపోనాది, రండి!"

మాస్టారు పరిగెత్తుకెళ్ళారు. స్టోరు రూములో మోకాలెత్తున కాగితం పొట్టు. ఫైలన్నది ఒక్కటీ లేదు. ఎర్ర నాడాలు మాత్రం మిగిలాయి, వాటికి రుచి లేదు కాబోలు.

మర్నాడే జ్ఞానప్రకాశం గారు విచారణకి దిగారు. హెడ్‌మిస్ట్రెస్ గదిలో మాస్టారిని ఎదురుగా నిలబెట్టారు. వరహాలమ్మ గారు గోడవారగా నిలుచున్నారు. సింహాచలం కాగితం పొట్టుని గోనెసంచిలో సాక్ష్యంగా తెచ్చి పెట్టాడు.

"ఫైళ్ళు ఏమయ్యాయి?"

"ఎలకలు తినీసాయండి."

"ఎలుకలా? ఎన్ని?"

"వందలండి. ఊరంతా ఎలకలే. పాముల్ని పంపీసేం కదండి మరి."

జ్ఞానప్రకాశం గారు తన చేతిసంచిలోంచి కార్యాలయపు నకలు ఒకటి తీశారు. అన్నిటికీ నకళ్ళు ఉంచలేదు గానీ, దీనికి ముచ్చటపడి ఉంచుకున్నారట. "పాములను తొలగించినను ఎలుకల సంఖ్య పెరగదని రుజువైంది. కింద సంతకం ఎవరిది?"

"తమదేనండి."

"కాబట్టి ఎలుకలు పెరగలేదు. పెరగని ఎలుకలు రెండొందల పద్నాలుగు ఫైళ్ళు తినలేవు. కాబట్టి ఫైళ్ళను ఎలుకలు తినలేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?"

మాస్టారు జేబులో తాళంచెవి తడుముకున్నారు. "అయ్యా, నాను తిన్నానంటారా?"

"నేనేమీ అనడం లేదు. ఫైలు అంటోంది."

సరిగ్గా అప్పుడు పందికొక్కంత ఎలుక ఒకటి బీరువా కిందనుంచి వచ్చి, జ్ఞానప్రకాశం గారి బూటు మీదుగా నడిచి, గోనెసంచి వాసన చూసి, తలుపు దాటి వెళ్ళింది. గదిలో ఉన్న నలుగురూ చూశారు. జ్ఞానప్రకాశం గారు కాలు కొంచెం పక్కకి జరుపుకుని, "ఇది రికార్డు చేయనక్కర్లేదు," అన్నారు.

తరవాత వారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు. ఇరవై రోజుల్లో రెండొందల పద్నాలుగు ఫైళ్ళనూ తిరిగి తయారు చెయ్యాలి. చెయ్యలేకపోతే సంరక్షకుడి సస్పెన్షన్. ముగిసిన సమస్యలు ముగిసినట్టు ఆధారం లేకపోతే, అవన్నీ మళ్ళీ పెండింగే. రాష్ట్రంలో మొదటి శూన్య పెండింగ్ బడి కాస్తా మళ్ళీ పెండింగ్‌లో పడిందని పైకి తెలిస్తే వారి శాలువా ఏమవుతుందో ఆ మాట వారు చెప్పలేదు గానీ, నుదుటి మీద చెమట చెప్పింది.

ఆ చెమట చూశాక లక్ష్ముంనాయుడు మాస్టారికి పదహారేళ్ళ సర్వీసులో మొదటిసారి ఆఫీసు భాష వంటబట్టింది.

"అయ్యా, తయారు చేయిస్తానండి. చిన్న సందేహం. పాత ఫైల్లో పిల్లోడు రెండు సెకన్లని రాశాడు. ఇప్పుడు మళ్ళీ ఆడొక్కడే రాస్తే, అదే పాత సమాధానమని సాక్ష్యమేటండి? రేపు ఆడిట్ అడిగితే?"

జ్ఞానప్రకాశం గారు ముందుకి వంగారు. ఆడిట్ అన్న మాట వారి గుండెకి తిన్నగా తగిలింది. "అడుగుతారు. తప్పకుండా అడుగుతారు. ఏం చేద్దామంటారు?"

"ముప్పై ఎనిమిది మంది చేతా విడివిడిగా చేయిస్తేనండి... ఒకరిది ఒకరు చూడకుండా. ముప్పై ఎనిమిదీ ఒకటే వస్తే ఇంక కాదనేవోడు ఉండడు కదండి."

"ద్వంద్వ పరిష్కారం అవదూ?"

"ద్వంద్వమంటే రెండు కదండీ. ఇవి ముప్పై ఎనిమిది."

వరహాలమ్మ గారికి దగ్గొచ్చి బయటికి వెళ్ళిపోయారు. జ్ఞానప్రకాశం గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. కళ్ళు తెరిచేసరికి ఆ ఆలోచన వారిదైపోయింది. "బహుహస్త ధ్రువీకరణ పథకం!" అన్నారు. "రాసుకోండి. నాకిప్పుడే తట్టింది."

రొట్టె విరిగి నేతిలో పడింది. మాస్టారు ఆఫీసు గదిలోంచి తరగతికి నడిచి వెళ్ళలేదు, పరిగెత్తారు. "ఒరే, పుస్తకాలు తీయండ్రా! అన్ని లెక్కలూ అందరూ!" అన్నారు. ముప్పై ఎనిమిది మందీ ముందు నమ్మలేదు. "శనివారం తనికీ, మాస్టారండీ?" అని ఎవరో అడిగారు. "తనిఖీలో చెయ్యని లెక్క దొరికితే తంతారు," అన్నారు మాస్టారు. క్లాసంతా గొల్లుమంది.

ఇరవై రోజులు ఆ బడిలో పండగే. పొద్దున్న రాయి, మధ్యాహ్నం అద్దం, సాయంత్రం బల్బు. వరండాలో, సైకిలు స్టాండులో, బోరింగు గట్టు మీద, ఎక్కడ చూసినా లెక్కలే. నూకరత్నం రెండొందల పద్నాలుగూ చేసింది. చేసి, సమాధానాలు కుదరని పదకొండో నంబరు వాణ్ణి కూర్చోబెట్టి, "ఒరే, ఎత్తు రెండింతలైతే టైము రెండింతలవదురా, గుర్తెట్టుకో," అని వాడి నెత్తి మీద పెన్సిలుతో కొట్టి నేర్పింది. పాముల లెక్క దగ్గర మాత్రం మాస్టారు పిల్లల్ని కూర్చోబెట్టి ఏమీ చెప్పలేదు. స్టోరు రూము తలుపు తీసి చూపించారు. ముప్పై ఎనిమిది మందీ పెరుగుతుందనే రాశారు. ముప్పై ఎనిమిదీ ఒకటే కావడంతో జ్ఞానప్రకాశం గారు చదవకుండానే ముద్ర కొట్టేశారు.

మార్చిలో పరీక్షలయ్యాయి. పిల్లలందరూ గట్టెక్కారు. నూకరత్నానికి సైన్సులో తొంభై నాలుగు. పాలిటెక్నిక్ సీటు కాగితం తెచ్చిన రోజున వాళ్ళమ్మ ఆ నల్లటి వేళ్ళతో కాగితం ముట్టుకుంటే మాసిపోతుందేమోనని, కొంగుతో పట్టుకుని చూసింది. మాస్టారు మొహం పక్కకి తిప్పుకున్నారు.

జూన్‌లో బడి తెరిచిన రెండో రోజున ఉత్తర్వు వచ్చింది. బహుహస్త ధ్రువీకరణ పథకానికి గాను జ్ఞానప్రకాశం గారికి పదోన్నతి. లక్ష్ముంనాయుడు మాస్టారికి శిక్ష. వరహాలమ్మ గారు కవరు చింపి పైకి చదివారు.

"ఫైళ్ళను ఎలుకలు తినలేదని రూఢి అయినందున, వాటి నష్టమునకు సంరక్షకుడైన శ్రీ లక్ష్ముంనాయుడు, సైన్సు ఉపాధ్యాయుడు, పూర్తి బాధ్యుడని తీర్మానించడమైనది. అందులకు శిక్షగా, ఇట్టి నష్టము మరల సంభవించకుండు నిమిత్తము, సదరు ఉపాధ్యాయుడు ప్రతి సంవత్సరము, ప్రతి విద్యార్థి చేత, పాఠ్యపుస్తకములోని ప్రతి లెక్కను విడివిడిగా చేయించవలెను. ఈ శిక్ష ఆయన పదవీ విరమణ పర్యంతము అమలులో నుండును. ఏ కారణము చేతనూ సడలింపబడదు."

శిక్ష మీద ముప్పై రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మాస్టారు అందినట్టు సంతకం పెట్టి, డబ్బాలోంచి కొత్త సుద్దముక్క ఒకటి తీసుకుని, శిక్ష అనుభవించడానికి తొమ్మిదో తరగతిలోకి వెళ్ళారు.